గ్రేడింగ్‌కు పంపిన కార్డులు నెలలు గడిచినా రాకపోతే ఏం చేయాలి?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను, ఎందుకంటే ఇదే ఇబ్బందిలో ఉన్నవారు ఇంకా చాలామంది ఉన్నారు. వేలచేరిలో ఉంటున్న మీరు ఇరవై పైచిలుకు పోకెమాన్ కార్డులనూ, వాటితోపాటు రెండు క్రికెట్ కార్డులనూ, చెన్నైలోనే గ్రూప్ సబ్మిషన్ నడిపే, అంటే పలువురి కార్డులను కలిపి ఒకే ఆర్డరుగా పంపే ఒక వ్యక్తి ద్వారా అమెరికాలోని ఒక గ్రేడింగ్ సంస్థకు, అంటే కార్డు స్థితిని పరిశీలించి 10 వరకు అంకె ఇచ్చి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో మూసి తిరిగి పంపే సంస్థకు పంపించారు. మూడు నెలల్లో వచ్చేస్తాయని ఆయన చెప్పారు. ఇప్పుడు ఎనిమిదో నెల నడుస్తోంది. అడిగిన ప్రతిసారీ ‘క్యూలో ఉన్నాయి’ అన్న జవాబే వస్తోంది. ఇంత ఆలస్యం మామూలేనా, అదనంగా డబ్బు కట్టి త్వరగా పూర్తిచేసే పై స్థాయి సేవకు మార్పించుకోవచ్చా, ఇంట్లో మిగిలిన కార్డులను కూడా పంపాలా వద్దా అని మీరు అడిగారు. చాలా ఏళ్లుగా ఈ కార్డులు సేకరిస్తూ, ఇతరుల కార్డులను కూడా పంపించి తెప్పించిన అనుభవంతో నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

అన్నిటికన్నా ముందు మీరు తేల్చుకోవలసింది ఆలస్యం ఎక్కడ జరుగుతోందన్న సంగతి. గ్రూప్ సబ్మిషన్‌లో మీ కార్డు మీ ఇంటి నుంచి నేరుగా గ్రేడర్ బల్ల మీదికి వెళ్లదు. మొదట అది నిర్వాహకుడి ఇంట్లో, పెట్టె నిండే వరకు, అంటే మీలాంటివాళ్లు మరికొంతమంది కార్డులు తెచ్చి ఇచ్చే వరకు ఆగుతుంది. ఆ తర్వాత కొరియర్‌లో అమెరికాకు చేరి, చాలాసార్లు అక్కడి మరో ఏజెంటు చిరునామాలో కొన్ని రోజులు ఉంటుంది. సంస్థకు చేరిన తర్వాత కూడా పెట్టె తెరిచి, ఆర్డరును కంప్యూటర్‌లో నమోదు చేసేవరకు అది మెయిల్‌రూమ్‌లోనే ఉంటుంది. గ్రేడింగ్ పూర్తయ్యాక వచ్చే దారిలోనూ ఇవే మజిలీలు ఉంటాయి. వీటన్నిటిలో సంస్థ ప్రకటించే గడువు వర్తించేది మధ్యలోని ఒక్క భాగానికే. గడువు లెక్క సాధారణంగా పెట్టె చేరిన రోజు నుంచి కాక ఆర్డరు నమోదైన రోజు నుంచి మొదలవుతుంది, అదీ పని దినాలలోనే. 65 పని దినాలు అని రాసి ఉంటే అది రెండు నెలల చిల్లర అనిపిస్తుంది గాని, వారానికి ఐదు రోజుల చొప్పున లెక్కిస్తే సరిగ్గా 13 వారాలు, అంటే మూడు నెలలు. దానికి ముందూ వెనకా ఉన్న మజిలీలను కలుపుకుంటే ఐదారు నెలలు పట్టడం ఈ దారిలో సాధారణమే. ‘మూడు నెలలు’ అని మీకు చెప్పిన వ్యక్తి సంస్థ పేజీలోని అంకెను మాత్రమే చదివి చెప్పి ఉంటారు.

కాబట్టి ఆయనను ఇక నుంచి ‘ఎప్పుడు వస్తాయి’ అని అడగకండి. సబ్మిషన్ నంబరు అడగండి. పెద్ద సంస్థలన్నీ ప్రతి ఆర్డరుకూ ఒక నంబరు ఇస్తాయి. దానితో ఆర్డరు ఏ దశలో ఉందో చూసుకోవచ్చు. ఉదాహరణకు పీఎస్ఏ అనే గ్రేడింగ్ సంస్థలో చేరిక, ఆర్డర్ ప్రిపరేషన్, రీసెర్చ్ అండ్ ఐడీ, గ్రేడింగ్, అసెంబ్లీ, ఆపై నాణ్యత తనిఖీలు, చివరగా షిప్పింగ్ అన్న దశలు కనిపిస్తాయి. నంబరుతోపాటు కొరియర్ ఎయిర్‌వే బిల్లును, సంస్థకు ఆయన సమర్పించిన జాబితాలో మీ కార్డులు ఏ వరుసల్లో ఉన్నాయో చూపే పేజీని కూడా అడగండి. ఇవి ఏ నిర్వాహకుడి దగ్గరైనా ఉండి తీరవలసిన కాగితాలు. నంబరు ఇస్తే మీ సందేహం సగం అక్కడే తీరిపోతుంది. నంబరు ఇవ్వడానికి సాకులు చెబితే కార్డులు ఇంకా ఊరు దాటలేదేమో అని అనుమానించడానికి మీకు తగిన కారణం ఉన్నట్టే. ఆర్డరు ఆయన ఖాతాలో ఉంది కనుక సంస్థ దృష్టిలో వినియోగదారు ఆయనే, మీరు కాదు. అందుకే మీరు నేరుగా ఉత్తరం రాసినా సంస్థ వివరాలు చెప్పదు. అయితే మీరు డబ్బు చెల్లించింది చెన్నైలో, ఆయనకు. అందువల్ల 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవాలోపం కింద మీరు ఆయనను నిలదీయవచ్చు. ఆ చట్టం కింద ఫిర్యాదుదారు తాను నివసించే చోటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేసుకోవచ్చు. అంతకన్నా ముందు 1915 అన్న జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసినా చాలామంది నిర్వాహకులు కదులుతారు. అయితే సబ్మిషన్ నంబరు దాచకుండా ఇచ్చి, ప్రతి దశనూ తెలియజేస్తున్న మనిషి మీద ఈ అస్త్రం ప్రయోగించకండి. ఆలస్యం ఆయన చేతిలో లేనప్పుడు ఆయనను వేధించడం అన్యాయం, పైగా ఇలా పంపించేవాళ్లు మన ఊళ్లో ఎక్కువమంది లేరు.

ఇప్పుడు కార్డులు నిజంగానే సంస్థలో ఉన్నాయనీ, రీసెర్చ్ అండ్ ఐడీ దశలో ఆగిపోయాయనీ అనుకుందాం. ఈ దశలో కార్డు ఏ సెట్‌లోది, ఏ సంవత్సరానిది, ఏ భాషలోది, ఏ వేరియంట్ అన్నది నిర్ధారించి లేబుల్ మీద ముద్రించవలసిన పేరును ఖరారు చేస్తారు. ప్రసిద్ధమైన ఇంగ్లీషు పోకెమాన్ కార్డుకు ఇది క్షణాల పని. మీరు పంపిన రెండు క్రికెట్ కార్డులు మన దేశంలో ఐపీఎల్ పేరుతో అమ్మిన టాప్స్ క్రికెట్ అటాక్స్ కార్డులు అంటున్నారు కనుక, వాటికి సంస్థ డేటాబేస్‌లో అప్పటికే పేరు ఉండకపోవచ్చు. అప్పుడు ఎవరో ఒకరు కూర్చుని ఆ సెట్‌ను వెతికి, జాబితాను చూసి, కొత్త పేరు సృష్టించాలి. ఆ పని పూర్తయ్యే వరకు ఒకే ఆర్డరులో ఉన్న మిగిలిన కార్డులు కూడా కదలకుండా ఆగిపోతాయి. అందుకే అరుదైన కార్డులనూ, మామూలు కార్డులనూ ఒకే ఆర్డరులో కలపవద్దని నేను ఎప్పుడూ చెబుతాను. నిర్వాహకుడు కలిపేస్తానన్నా మీరు ఒప్పుకోకూడదు. క్రికెట్ కార్డును పంపాలనుకుంటే పంపండి, కానీ దానిని విడిగా పంపండి.

సంస్థలు ఎందుకు ఇంత ఆలస్యం చేస్తాయన్న ప్రశ్నకు జవాబు 2020, 2021 సంవత్సరాల్లో ఉంది. కోవిడ్ రోజుల్లో ఇళ్లకే పరిమితమైన జనం పాత అట్టపెట్టెలు దించి, చిన్నప్పటి కార్డులను బయటికి తీశారు. ధరలు పెరిగాయి, ధరలు పెరిగాయని తెలిసి మరింతమంది వచ్చారు. 2021 మే నెలలో అమెరికాలోని విస్కాన్సిన్‌లో టార్గెట్ దుకాణం బయట కార్డుల కోసం జరిగిన గొడవ తర్వాత ఆ గొలుసు దుకాణాలు కొంతకాలం కార్డుల అమ్మకాన్నే ఆపేశాయి. గ్రేడింగ్ సంస్థల మీద పడిన భారం అంతకన్నా ఎక్కువ. అంతకుముందు మూడు నెలల్లో వచ్చినన్ని కార్డుల కన్నా ఎక్కువ కార్డులు మూడు రోజుల్లో వచ్చాయని పీఎస్ఏ అప్పటి అధ్యక్షుడు స్టీవ్ స్లోన్ ప్రకటించి, 2021 మార్చి 30న ఖరీదైన స్థాయిలు తప్ప మిగిలిన సేవలను తాత్కాలికంగా నిలిపివేశారు. కోటికి పైగా కార్డులు పేరుకుపోయాయని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఆ తర్వాత స్థలం పెరిగింది, సిబ్బంది పెరిగారు, అదే ఏడాది పీఎస్ఏ మాతృసంస్థ అయిన కలెక్టర్స్, జెనమింట్ అనే సాంకేతిక సంస్థను కొని, కార్డుల ఉపరితలాన్ని కంప్యూటర్‌తో పరిశీలించే పద్ధతులనూ తెచ్చుకుంది. అయినా కొత్త సెట్ విడుదలైన ప్రతిసారీ, ధరలు ఎగిసిన ప్రతిసారీ క్యూ మళ్లీ పొడుగవుతోంది.

దీని వెనక ఉన్న లెక్క చాలా సులువు. క్యూలో ఉన్న కార్డుల సంఖ్యను రోజుకు పూర్తయ్యే కార్డుల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే మీరు ఎదురుచూడవలసిన కాలం. రోజుకు పూర్తయ్యే సంఖ్యను ఒక్కసారిగా పెంచడం సాధ్యం కాదు, ఎందుకంటే 9కీ 10కీ మధ్య తేడాను కంటితో పట్టగల గ్రేడర్ నెలల తరబడి నేర్చుకుంటేనే తయారవుతాడు. క్యూలోకి వచ్చే సంఖ్యను మాత్రం ఎవరూ ఆపరు. ధర పెంచితే కొంత తగ్గుతుంది, సేవను మూసేస్తే పూర్తిగా ఆగుతుంది. ఈ రెండూ చేయడానికి ఇష్టపడని సంస్థ గడువును పొడిగించి ఊరుకుంటుంది. పోటీ కూడా తగ్గుతోంది. వేగంగా తిరిగి ఇస్తుందని పేరున్న ఎస్జీసీ అనే పోటీ సంస్థను 2024 ఫిబ్రవరిలో పీఎస్ఏ మాతృసంస్థే కొనేసింది. కొనుగోలుదారుడి చేతిలో ఉన్న ఆయుధం వేరే చోటికి వెళ్లిపోవడమే కనుక, ఆ వేరే చోట్లు తగ్గిపోవడం నాకు ఆందోళన కలిగిస్తోంది.

ఇక్కడ నా అభిప్రాయం స్పష్టంగా చెప్పాలి. చాలామంది సేకర్తలు ‘త్వరగా గ్రేడ్ చేసి పంపండి’ అని డిమాండ్ చేస్తారు. నేను ఆ డిమాండ్‌తో ఏకీభవించను. మనం డబ్బు చెల్లించేది ప్లాస్టిక్ డబ్బా కోసం కాదు, ఒక మనిషి జాగ్రత్తగా చూసి ఇచ్చిన తీర్పు కోసం. ఆ తీర్పు తప్పితే ఏమవుతుందో పీఎస్ఏ మొదటి కార్డే చూపించింది. పీఎస్ఏ 1991లో మొదలైనప్పుడు మొట్టమొదట గ్రేడ్ చేసిన కార్డు బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్‌ది, సిగరెట్ పెట్టెల్లో వచ్చిన టీ206 సెట్‌లోని ప్రసిద్ధ కార్డు. దానికి 8 ఇచ్చారు. దాని అంచులు కత్తిరించారన్న అనుమానాలు ఏళ్ల తరబడి నడిచాయి. ఆ అనుమానాల మధ్యే 2007లో అది 28 లక్షల డాలర్లకు అమ్ముడైంది. చివరికి 2013లో బిల్ మాస్ట్రో అనే వేలం వ్యాపారి ఆ అంచులను కత్తిరించింది తానేనని కోర్టు ముందు అంగీకరించాడు. తీర్పు తప్పితే ఆ తప్పు లేబుల్ రూపంలో ఎన్నేళ్లు చెలామణీ అవుతుందో ఇంతకన్నా చెప్పనక్కరలేదు. అందువల్ల నా కార్డును ఒక రోజు ఎక్కువ ఉంచుకుని సరిగా చూస్తే నాకు సంతోషమే.

మరి నాకు కోపం లేదా అంటే ఉంది. ఆ కోపం ఆలస్యం మీద కాదు, ఆలస్యం గురించి నిజం చెప్పకపోవడం మీద. తిరుమలలో సర్వదర్శనానికి ఎన్ని కంపార్టుమెంట్లు నిండాయో, ఎన్ని గంటలు పడుతుందో ప్రకటిస్తారు. రద్దీ పెరిగితే ఆ గంటలను మార్చి మళ్లీ చెబుతారు. అది విన్న భక్తుడు ఉండాలో, రేపు రావాలో తానే నిర్ణయించుకుంటాడు. గ్రేడింగ్ సంస్థ నుంచి కూడా మనం కోరవలసింది ఇంతే. ఆర్డరు తీసుకునే రోజున అప్పటికి క్యూలో ఎంత ఉందో చెప్పాలి, గడువు దాటిన ఆర్డర్లకు అడగకుండానే కొత్త అంచనా పంపాలి, తాను పూర్తి చేయలేనన్ని ఆర్డర్లు వస్తుంటే తీసుకోవడం ఆపాలి. 2021లో సేవలను మూసివేసినప్పుడు చాలామంది పీఎస్ఏను తిట్టారు. నా దృష్టిలో మాత్రం ఆ ఏడాది జరిగిన నిజాయితీగల పనుల్లో అది ఒకటి. చేయలేనని చెప్పడం, చేస్తానని చెప్పి పెట్టెలు పేర్చుకోవడం కన్నా మేలు. నేను ఒకసారి వేరొక సంస్థకు పంపిన ఆర్డరు గడువు దాటిపోయిన తర్వాత కూడా వాళ్ల పేజీలో పాత గడువే కనిపిస్తూ ఉంది, ఆ అంకెను నమ్మి కొత్తవాళ్లు కార్డులు పంపుతూనే ఉన్నారు. నన్ను బాధపెట్టింది అదే.

అదనంగా డబ్బు కట్టి పై స్థాయికి మార్పించుకోవాలా అన్న మీ రెండో ప్రశ్నకు నా జవాబు వద్దు అనే. అసలు అది సాధ్యపడుతుందో లేదో ఖాతాదారు అయిన నిర్వాహకుడు సంస్థను అడగాలి. సాధ్యమైనా ఒక్కో కార్డుకు కట్టవలసిన తేడా చాలా సందర్భాల్లో ఆ కార్డు విలువను మింగేస్తుంది. దీనికి ఒక లెక్క వేసి చూపిస్తాను, ఇందులోని అంకెలు లెక్క కోసం వేసుకున్నవే. గ్రేడ్ చేయని, మనం రా కార్డు అని పిలిచే స్థితిలో ఒక కార్డు 4,000 రూపాయలు పలుకుతుందనుకోండి. 10 వస్తే 12,000, 9 వస్తే 4,500 పలుకుతుంది. గ్రేడింగ్ రుసుము, రానుపోను కొరియర్, బీమా, నిర్వాహకుడి వాటా, పన్ను అన్నీ కలిపి 3,000 ఖర్చు. 10 వచ్చే అవకాశం మూడింట ఒక వంతు, మిగిలినదంతా 9 అనుకుందాం. మూడు కార్డులు పంపితే ఒకటి 12,000, రెండు కలిపి 9,000, మొత్తం 21,000, అంటే సగటున కార్డుకు 7,000. అందులోంచి ఖర్చు 3,000 తీసేస్తే మిగిలేది 4,000, రా కార్డు ధర ఎంతో సరిగ్గా అంతే. ఇన్ని నెలలు ఎదురుచూసి, దారిలో పోయే ప్రమాదాన్ని భరించి, చివరికి మొదలుపెట్టిన చోటే నిలబడ్డాం. పై స్థాయికి కట్టే తేడా ఈ లెక్కలో చేరితే నష్టమే. 8 వచ్చే కార్డుల మాట నేను ఇంకా ఎత్తనే లేదు.

ఎదురుచూపుకు మరో ధర కూడా ఉంది, దాన్ని ఎక్కువమంది గమనించరు. కొత్త సెట్ విడుదలైన మొదటి వారాల్లో మంచి కార్డు ధర పైన ఉంటుంది, పెట్టెలు తెరిచేవాళ్లు పెరిగే కొద్దీ దిగుతుంది. మీరు విడుదలైన వారంలోనే చౌక స్థాయిలో పంపితే, మీ కార్డు మీతోపాటు అదే వారంలో పంపిన వేలమంది కార్డులతో కలిసి బయటికి వస్తుంది. ఏ కార్డు ఏ గ్రేడులో ఎన్ని ఉన్నాయో చూపే పాప్ రిపోర్టులో 10ల సంఖ్య ఆ రోజుల్లోనే అమాంతం పెరుగుతుంది. అంటే ఆలస్యంలో మీరు పోగొట్టుకునేది కాలం ఒక్కటే కాదు, మీ కార్డు అరుదుగా ఉన్న రోజులు కూడా. అందుకే కొత్త కార్డుల విషయంలో నా పద్ధతి చాలా సాదా. అమ్మే ఉద్దేశం ఉంటే రా కార్డుగా ఉన్నప్పుడే అమ్మేయాలి. ఉంచుకునే ఉద్దేశం ఉంటే తొందర దేనికి, రద్దీ తగ్గాకే పంపవచ్చు. 1999 నాటి ఇంగ్లీషు బేస్ సెట్ కార్డుల వంటి పాతవాటికి ఈ ఇబ్బంది తక్కువ. వాటి సంఖ్య ఇక పెరగదు, ఆరు నెలలు ఆలస్యమైనా వాటి విలువకు పెద్దగా జరిగే నష్టం ఉండదు.

మిగిలిన కార్డుల్లో ఏవి పంపాలో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. అందుకు కావలసిన సామాను చిన్న భూతద్దం, తెల్లటి ఎల్ఈడీ దీపం, మిల్లీమీటర్లు స్పష్టంగా ఉన్న స్కేలు. మన ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్‌కు వెళితే మొదటి రెండూ ఒకే గంటలో దొరుకుతాయి. శుభ్రంగా చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని, కార్డును మెత్తటి గుడ్డ మీద పెట్టండి. పోకెమాన్ కార్డు 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. ముందువైపు ఎడమ అంచు 2.8 మిల్లీమీటర్లు, కుడి అంచు 3.6 మిల్లీమీటర్లు ఉందనుకోండి. రెండూ కలిపితే 6.4. అందులో 3.6 అంటే 56 శాతం కన్నా కొంచెం ఎక్కువ. పీఎస్ఏ ఇంతకుముందు 10 ఇవ్వడానికి ముందువైపు అంచుల నిష్పత్తి 60/40 వరకు ఒప్పుకునేది, ఇప్పుడు దాన్ని 55/45కు బిగించింది. అంటే నిన్నటి నియమంలో నెగ్గే ఈ కార్డు ఈనాటి నియమంలో 10కి తగదు. కంటికి మాత్రం అది పూర్తిగా మధ్యలో ఉన్నట్టే కనిపిస్తుంది. ఇలాంటి కార్డులనే జనం ఎక్కువగా పంపి, నెలల తరబడి ఎదురుచూసి, 9 అందుకుని బాధపడుతున్నారు.

తర్వాత కార్డును వెనక్కి తిప్పండి. పోకెమాన్ కార్డు వెనకవైపు నీలం రంగు కనుక, మూలల దగ్గర పూత లేచిపోతే లోపలి తెల్ల కాగితం చిన్న చుక్కలా బయటపడుతుంది. ముందువైపు పసుపు లేదా వెండి రంగు అంచులో ఇది అంత తెలియదు. నాలుగు మూలలూ, నాలుగు అంచులూ భూతద్దంలో చూశాక దీపాన్ని పక్కకు వంచి, కాంతి ఏటవాలుగా పడేలా పెట్టి, మెరిసే రేకు ఉన్న హోలో భాగాన్ని నెమ్మదిగా కదిలిస్తూ చూడండి. ప్యాకెట్ నుంచి అప్పుడే తీసిన కార్డు మీద కూడా పైనుంచి కిందికి సన్నటి గీత ఒకటి కొన్నిసార్లు మెరుస్తుంది. అది ముద్రణలో పడిన గీత, ఎవరి తప్పూ కాదు, తుడిస్తే పోదు. నిలువు కాంతిలో అది దాక్కుంటుంది, ఏటవాలు కాంతిలో బయటపడుతుంది, గ్రేడర్ కూడా దాన్ని చూస్తాడు. ఇన్ని పరీక్షల్లో నెగ్గిన కార్డును పంపితే ఎదురుచూపుకు అర్థం ఉంటుంది. ఇరవై కార్డులు చూస్తే ఇలా నాలుగైదు మిగిలినా అది మంచి వాటానే.

ఒక మాట పక్కగా. మన ఊళ్లో బడుల దగ్గరి స్టేషనరీ దుకాణాల్లో అమ్మే బంగారు రంగు పోకెమాన్ కార్డుల ప్యాకెట్లు నకిలీవి. పిల్లలు ఆడుకోవడానికి వాటితో తప్పేమీ లేదు. కానీ వాటిలో ఒక్కటి మీ ఆర్డరులో చేరినా దానికి గ్రేడ్ రాదు, డబ్బు మాత్రం పోతుంది. తమ్ముళ్లూ, మేనల్లుళ్లూ ఇచ్చిన కార్డులను వేరు చేసి చూసుకోండి.

కస్టమ్స్ గురించి మీరు అడగలేదు, కానీ తిరుగు ప్రయాణంలో ఎక్కువ రోజులు పోయేది అక్కడే కనుక చెబుతాను. గ్రేడ్ అయి తిరిగి వచ్చే కార్డు మీ సొంత వస్తువే అయినా, కస్టమ్స్ అధికారి దృష్టిలో అది విదేశం నుంచి వస్తున్న సరుకు. ఇక్కడి నుంచి వెళ్లిన వస్తువే తిరిగి వస్తోందని నిరూపించగలిగితేనే, ఎగుమతి చేసిన వస్తువుల పునర్దిగుమతికి సంబంధించిన 45/2017 కస్టమ్స్ నోటిఫికేషన్ గురించి మాట్లాడటానికి వీలుంటుంది. కార్డు వెళ్లేటప్పుడు ప్లాస్టిక్ కవరులో వెళ్లి, వచ్చేటప్పుడు నంబరు వేసిన గట్టి స్లాబ్‌లో వస్తుంది కనుక రెండూ ఒకటేనని చూపడం సులభం కాదు. అందుకే పంపే ముందు ప్రతి కార్డుకూ రెండు వైపులా స్పష్టమైన ఫోటోలు తీసి, దాని మీద ఉన్న ప్రత్యేకమైన గుర్తులు, ముద్రణ గీతలు కనిపించేలా భద్రపరచాలి. ఇన్వాయిస్ మీద ఇవి గ్రేడింగ్ కోసం వెళ్లి తిరిగి వచ్చే కార్డులనీ, అమ్మకం కోసం కాదనీ రాయించాలి. కొరియర్ సంస్థ కస్టమ్స్‌కు దాఖలు చేసిన షిప్పింగ్ బిల్లు, అంటే ఎగుమతి పత్రం నకలు తప్పనిసరిగా తీసుకోవాలి. మీ విషయంలో ఆ నోటిఫికేషన్ ఎలా వర్తిస్తుందో ఒక కస్టమ్స్ బ్రోకరును ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. మీనంబాక్కం విమానాశ్రయంలో పెట్టె ఆగిపోయాక కాగితాలు వెతకడం మొదలుపెడితే అది మరో ఆలస్యం. మీ నిర్వాహకుడు ఇవన్నీ చేశాడో లేదో ఇప్పుడే అడగండి, కార్డులు అమెరికాలో ఉండగానే లోటు సరిదిద్దుకునే వీలుంటుంది.

విలువ ప్రకటన విషయంలోనూ జాగ్రత్త అవసరం. చౌక స్థాయి కోసం విలువను తక్కువ చేసి రాసేవాళ్లు ఉన్నారు. గ్రేడ్ వచ్చాక కార్డు విలువ ఆ స్థాయి పరిమితిని దాటితే సంస్థలు దాన్ని పై స్థాయికి మార్చి తేడా వసూలు చేస్తాయి. దారిలో పోతే బీమా కూడా మీరు రాసిన తక్కువ విలువకే వస్తుంది. అమెరికా వైపు నిబంధనలు కూడా మారాయి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అక్కడి ప్రభుత్వం 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తివేసింది, ఆ సందర్భంలో మన తపాలా శాఖ కూడా అమెరికాకు పార్సిళ్లను కొన్ని వారాలు ఆపి అక్టోబరులో తిరిగి మొదలుపెట్టింది. మీ పెట్టె ఆ కాలంలో బయలుదేరి ఉంటే కొన్ని వారాల ఆలస్యానికి కారణం అక్కడే దొరకవచ్చు.

వేరే సంస్థకు మారాలా అని కూడా మీరు అనుకుంటున్నట్టు ఉంది. ఉంచుకునే కార్డులకైతే ఏ పేరున్న సంస్థ అయినా ఫరవాలేదు. బెకెట్ 1999 నుంచి సెంటరింగ్, మూలలు, అంచులు, ఉపరితలం అని నాలుగు ఉపగ్రేడులు ఇస్తూ వస్తోంది, కార్డులో లోపం ఎక్కడుందో నేర్చుకోవాలనుకునేవారికి అది ఎంతో ఉపయోగం. కామిక్ పుస్తకాల గ్రేడింగ్‌లో పేరు సంపాదించిన సీజీసీ 2020లో కార్డుల్లోకి వచ్చింది, పోకెమాన్ సేకర్తల్లో దానికి ఆదరణ ఉంది. అమ్మడానికైతే మాత్రం మీ కొనుగోలుదారు ఏ లేబుల్‌కు డబ్బు పెడతాడో ముందు చూసుకోండి, ఎందుకంటే మన దేశంలో కొనేవాళ్లలో ఎక్కువమంది ఇప్పటికీ పీఎస్ఏ లేబుల్‌నే అడుగుతున్నారు. ఇక్కడే గ్రేడ్ చేసి వారాల్లో ఇస్తామని చెప్పే చిన్న సంస్థల పట్ల నాకు వ్యతిరేకత లేదు, అవి నిలదొక్కుకోవాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. కానీ లేబుల్‌కు విలువ ఇచ్చేది కొనేవాడి నమ్మకం, అది కుదరడానికి ఏళ్లు పడుతుంది. అంతవరకు అక్కడికి భద్రపరచుకోవడానికే పంపండి, లాభం కోసం కాదు.

చివరగా, మీ దగ్గర మిగిలిన కార్డుల సంగతి. మొదటి పెట్టె తిరిగి వచ్చే వరకు రెండోది పంపకండి. ఈలోగా వాటిని చెన్నై గాలి నుంచి కాపాడాలి. హోలో కార్డులో రేకు పొర తేమను పీల్చదు, దాని కింది కాగితం పీలుస్తుంది. కాగితం ఉబ్బినప్పుడు కార్డు విల్లులా వంగుతుంది. మన ఊరి సముద్రపు తేమలో స్లీవ్, అంటే పలుచటి ప్లాస్టిక్ తొడుగు మాత్రమే వేసి సొరుగులో పడేసిన కార్డు ఒక్క వానాకాలానికే వంగిపోవడం నేను చాలాసార్లు చూశాను. స్లీవ్ వేసి, టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి. సిలికా జెల్ మరీ ఎక్కువైతే కాగితం ఎండి కార్డు రెండో వైపుకు వంగుతుంది కనుక, డబ్బాలో చిన్న తేమకొలత పరికరం ఒకటి పెట్టి, తేమ సుమారు 50 శాతం దగ్గర నిలిచేలా చూసుకోండి. టాప్‌లోడర్లు ఇంట్లో భద్రపరచడానికే. సంస్థలు సాధారణంగా పంపేటప్పుడు కోరేది సులభంగా బయటికి తీయగల సెమీ రిజిడ్ హోల్డర్లు, అవి లేకపోతే ఆర్డరు తయారీ దశలోనే మరికొంత ఆలస్యమవుతుంది. మీరు ఉంటున్నది వేలచేరిలో కనుక ఆ డబ్బాను నేల మీదా, మంచం కిందా పెట్టకండి. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను సమయంలోనూ అక్కడి ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. పై అరలోనే ఉంచండి. మొదటి పెట్టె వచ్చిన రోజున నిర్వాహకుడి ఎదుటే వీడియో తీస్తూ తెరిచి, ప్రతి స్లాబ్ మీది సర్టిఫికేట్ నంబరును సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసి, స్లాబ్ లోపల దుమ్ము, పగులు, లేబుల్‌లో అక్షరదోషం ఉన్నాయేమో చూసుకోండి. ఇలాంటి లోపాలను సంస్థలు సరిచేసి ఇస్తాయి గాని, వెంటనే తెలియజేస్తేనే.